రెండున్నరేండ్ల పిల్లోనికి బొమ్మల పుస్తకాలు ఏవి కొనాల? చదవను రాని జేజి కూడా చూపించేటట్టు ఉండాల

ఏడురోడ్ల_అమ్మ, కడప

అందరికీ నమస్తే. నాకు ఇద్దరు పిల్లలు, పాపకు ఐదేండ్లు, బాబుకు రెండున్నర. బాబు అన్నం తినాలంటే ఫోను, నిద్రపోవాలంటే ఫోను అయిపోయింది. పోయిన వారం ఫోను తీసేసుకుంటే అరగంట ఏడ్చినాడు, ఆ ఏడుపు చూసి నాకే భయం వేసింది. సరే పుస్తకాలు అలవాటు చేద్దామని బజారుకు పోయినా. బొమ్మల పుస్తకం ఇయ్యన్నా అంటే యా షాపులోనైనా తీసి చేతిలో పెట్టేది ఒకటే, అ అమ్మ ఆ ఆవు, లేదంటే ఏ ఫర్ యాపిల్, అదీ కాకపోతే రంగులేసే పుస్తకం. నాలుగు షాపులు తిరిగినా అంతే. నాకు కావాల్సింది అక్షరాలు నేర్పించేది కాదు, బొమ్మలతో కథ ఉండేది. తెలుగులో ఉంటే మంచిది, ఇంగ్లీషు ఒకటి రెండు ఉన్నా సరే.

ఇంకో సంగతి, నేను ఉద్యోగానికి పోతా, పగలంతా పిల్లోడు మా అత్త దగ్గర ఉంటాడు. ఆమెకు చదవను రాదు. ఆమె కూడా చూపించగలిగేవి ఉంటే ముందు అవే చెప్పండి. మీ పిల్లలు మళ్లీ మళ్లీ అడిగినవి ఏవో అవి చెప్పండి, పేరున్నవి కాదు.

మల్లెపందిరి, నంద్యాల

నాదీ ఇదే బాధ అక్కా. ఫాలో అవుతున్నా.

తుంగభద్ర_లైబ్రరీ, కర్నూలు

అమ్మా నేను బడి లైబ్రరీలో చాలా ఏండ్లు పనిచేసినాను. మీరు అడిగిన తేడా చాలామందికి తెలియదు, అందుకే షాపువాళ్లు కూడా తెప్పించరు. అక్షరాల పుస్తకం వేరు, బొమ్మల కథ పుస్తకం వేరు. రెండో దాంట్లో సగం కథ బొమ్మే చెప్తుంది, మాటలు తీసేసినా కథ కొంచెం నిలబడుతుంది.

తెలుగులో యాడ దొరుకుతాయంటే, ముందు నేషనల్ బుక్ ట్రస్ట్. 1957లో పెట్టిన ప్రభుత్వ సంస్థ, నెహ్రూ బాల పుస్తకాలయం అని ఒక వరస ఉంది, తెలుగులో కూడా వేస్తారు, ధర చాలా తక్కువ, బొమ్మలు మన దేశపు ఆర్టిస్టులు వేసినవి. మన ఊర్లో పుస్తక ప్రదర్శన పెట్టినప్పుడు వాళ్ల స్టాలు వస్తే వదలొద్దండి. చెన్నైలో తూలిక అని ఉంది, 1996లో మొదలైంది, వాళ్లు తొమ్మిది భాషల్లో వేస్తారు, తెలుగు ఉంది, ఒకే పేజీలో ఇంగ్లీషు తెలుగు రెండూ ఉండే పుస్తకాలు కూడా ఉన్నాయి. ఇంట్లో ఒకరు తెలుగు కావాలని ఒకరు ఇంగ్లీషు కావాలని కొట్లాడేవాళ్లకు అవి బాగా పనికొస్తాయి. హైదరాబాదులో మంచి పుస్తకం అనే ప్రచురణ వాళ్లు ఉన్నారు, పిల్లల పుస్తకాలే వాళ్ల ప్రధానమైన పని, పోస్టులో తెప్పించుకోవచ్చు. ఇంక బెంగళూరు ప్రథమ్ బుక్స్, 2004 నుంచి. వాళ్లే 2015లో స్టోరీవీవర్ అని సైటు పెట్టినారు, అందులో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, డౌన్‌లోడ్ చేసి ప్రింటు కూడా తీసుకోవచ్చు, దానికి వాళ్లే అనుమతి ఇచ్చినారు. నాలుగు స్థాయిలు ఉంటాయి, మీ బాబుకు ఒకటో స్థాయి చాలు.

ఒక్క మాట, స్టోరీవీవర్ ఫోనులో చూపించొద్దండి. ఫోను మాన్పించడానికి మళ్లీ ఫోనే చేతికిస్తే లాభం లేదు. ప్రింటు తీయండి.

పట్టుగూడు, హిందూపురం

మా పిల్లోడు మళ్లీ మళ్లీ అడిగింది ఎరిక్ కార్ల్ గొంగళిపురుగు పుస్తకం. 1969లో వచ్చింది. నా దగ్గర ఉండేది ఇంగ్లీషు, కానీ నేను ఒక్క రోజు కూడా ఇంగ్లీషులో చదవలేదు, తెలుగులో చెప్పుకుంటా పోయినా. సోమవారం ఒక యాపిల్ తింటాది, మంగళవారం రెండు బేరికాయలు, అట్లా శుక్రవారం దాకా రోజుకొకటి పెరుగుతా పోతాది, తిన్న ప్రతి పండుకూ పేజీలో నిజంగానే బొక్క ఉంటాది. మావోడు ఆ బొక్కలో వేలు పెట్టి ఈ పక్కనుంచి ఆ పక్కకు తీస్తాడు, అట్లా ఎన్నిసార్లు తీసినాడో లెక్కలేదు, వారాల పేర్లు, ఐదు దాకా అంకెలు నేను నేర్పలేదు, ఆ వేలే నేర్పింది.

మా ఇంట్లో పట్టుపురుగులు పెంచుతాం. మావోడు పుట్టినప్పటి నుంచి చూస్తాండాడు, పురుగు మల్బరీ ఆకు ఎట్ల తింటాది, నాలుగు జ్వరాలు, అంటే తోలు వదిలే నాలుగు దశలు దాటి చంద్రిక అనే వెదురు తట్ట మీద గూడు ఎట్ల కట్టుకుంటాది అని. పుస్తకం చివర గూట్లోంచి సీతాకోకచిలుక వచ్చేసరికి నాన్నా మన గూట్లోంచి ఇట్లాంటిది రాలేదే అన్నాడు. వాడు అన్నది కరెక్టు. దారంతో గూడు కట్టుకునేది చిమ్మెట జాతి, సీతాకోకచిలుక అట్లా పట్టుగూడు కట్టదు, దానిది వేరే, గట్టి తొక్క లాంటిది వేలాడతా ఉంటాది. పుస్తకంలో గూడు అని రాసినారు. నేను వాడిని తీసుకపోయి నిమ్మచెట్టుకు వేలాడే ఆ తొక్కను చూపించినా. నాకు ఆ రోజు ఎంత సంతోషమైందో చెప్పలేను, నాలుగేండ్ల పిల్లోడు పుస్తకాన్ని షెడ్డుతో పోల్చి చూసినాడు.

సూటిగా_చెప్తా, అనంతపురం

అందరూ తెలుగు తెలుగు అంటాండారు. రేపు పిల్లలు పోయేది ఇంగ్లీషు మీడియంకే కదా. చిన్నప్పుడే ఇంగ్లీషు చెవిన పడితే మంచిది. నేను నా కూతురికి అన్నీ ఇంగ్లీషువే కొన్నా, ఇప్పుడు యూకేజీలో రంగులు జంతువులు అన్నీ చెప్తాది. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివి ఇంటర్వ్యూల్లో ఎంత ఇబ్బంది పడినానో నాకు తెలుసు, ఆ కష్టం దానికి రావద్దు.

అంగన్‌వాడీ_అక్క, ధర్మవరం

అన్నా నీ బాధ నాకు అర్థమవుతుంది, నువ్వు చెప్పింది తప్పని అనను. నేను రోజూ మూడు నుంచి ఆరేండ్ల పిల్లలతో ఉంటా కాబట్టి నా కంటికి కనపడింది చెప్తా.

బొమ్మ చూపించి ఇదేంది అంటే పిల్లోడు ఎనుము అంటాడు. పుస్తకంలో గేదె అని ఉంటాది. కొత్తలో నేను కూడా కాదు నాయనా గేదె అను అనేదాన్ని. అట్లా రెండుసార్లు కాదు అంటే మూడోసారి వాడు నోరు తెరవడు. ఉర్లగడ్డ అన్నోడిని బంగాళాదుంప అను, ఎర్రగడ్డ అన్నోడిని ఉల్లిపాయ అను, తెల్లగడ్డ అన్నోడిని వెల్లుల్లి అను అని మనం దిద్దుతా పోతే వానికి పుస్తకం అంటే పరీక్ష అయిపోతాది. తెలుగు తెలుగులోనే ఇంత జరిగితే ఇంక బఫెల్లో అంటే ఏమైతాదో చూడండి. ఇప్పుడు నేను ఔను ఎనుమే, మన ఊర్లో ఎనుము, కొన్ని ఊర్లలో గేదె అంటారు అని చెప్తా. రెండు మాటలూ వాని దగ్గరే ఉండిపోతాయి.

పుస్తకం చదవడం అంటే అక్షరం పొల్లు పోకుండా చదవడం కాదు. నేను ఒక పేజీ మీద పది నిమిషాలు ఉంటా. ఇది ఏం చేస్తాంది? ఎందుకు ఏడుస్తాంది? పేజీ తిప్పితే ఏమైతాది చెప్పు? అని అడిగి ఊరికే ఉంటా. ఆ ఊరికే ఉండటమే కష్టం, మనకు తొందర, మనమే చెప్పేస్తాం. మాటలు సరిగా రాని ఒక పాప మా సెంటర్లో ఉండె, నెలరోజులు బొమ్మ మీద వేలు పెట్టడమే, మాట లేదు. ఒకరోజు వర్షంలో తడుస్తాండే మేకపిల్ల బొమ్మ చూసి సలి అనింది. ఆ పొద్దు నేను ఇంటికి పోయి మా అమ్మకు ఫోన్ చేసి చెప్పినా.

అందుకే అన్నా, ఇంగ్లీషు పుస్తకం కొను, కానీ దాని మీద మాటలు మాత్రం మీ ఇంటి మాటల్లో నడవనీ.

సూటిగా_చెప్తా, అనంతపురం

అక్కా ఎనుము మాట దగ్గర ఆగిపోయినా. మా పాప మా అవ్వతో ఎనుము అంటే నేనే బఫెల్లో అని దిద్దినా పోయిన నెల. ఇంగ్లీషు కావాలనే మాట మీద నేను ఇప్పటికీ ఉన్నా. కానీ దిద్దడం మానేస్తా.

చందమామ_చదివినోడు, ప్రొద్దుటూరు

నాకు డెబ్బై దాటినాయి. చందమామ మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తా. 1947 జులైలో మొదలైంది, పెట్టిన నాగిరెడ్డి గారు మన కడప జిల్లా పొట్టిపాడు మనిషి. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు, ఎం.టి.వి. ఆచార్య గారివి, తర్వాత శంకర్ గారి బేతాళుడి బొమ్మ, భుజం మీద శవం వేసుకుని కత్తి పట్టుకుని పోయే విక్రమార్కుడు, ఆ బొమ్మ చూసి భయపడి కూడా మళ్లీ తెరిచి చూసేవాళ్లం. నాకు బొమ్మ చూసే కన్ను ఇచ్చింది అదే.

అయితే అమ్మా, నిజం చెప్పాలంటే అది మీ పిల్లల వయసుకు కాదు. కథలు పెద్దవి, ఏడెనిమిదేండ్లు రావాల. మీ బాబుకైతే వరస కథలు చెప్పండి. మా చిన్నప్పుడు విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల బండి ఊరికి వచ్చేది, అందులో రష్యా పుస్తకాలు ఉండేవి, ప్రగతి ప్రచురణలు, తళతళలాడే కాగితం, పెద్ద పెద్ద బొమ్మలు, తెలుగులో. అందులో ముల్లంగి కథ ఉండేది, తాత లాగుతాడు రాదు, అవ్వ వచ్చి తాతను పట్టుకుంటాది రాదు, మనవరాలు, కుక్క, పిల్లి, చివరికి ఎలుక వచ్చి పట్టుకుంటే ఊడొస్తాది. నా కొడుక్కి అదే చెప్పినా, మనవడికీ అదే చెప్పినా. 1991 తర్వాత ఆ పుస్తకాలు రావడం ఆగిపోయింది. తర్వాత మంచి పుస్తకం వాళ్లు పాత రష్యన్ పిల్లల కథలు కొన్ని మళ్లీ వేసినారని తెలిసి నేను తెప్పించుకున్నా, చేతిలోకి రాగానే కండ్లలో నీళ్లు తిరిగినాయి.

మన ఏడు చేపల కథ కూడా అట్లాంటిదే కదా. చేపా చేపా ఎందుకు ఎండలేదు అంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది, గడ్డిమోపా ఎందుకు అడ్డమొచ్చినావు అంటే ఆవు మేయలేదు, అట్లా చీమ దాకా పోతాది. రెండేండ్ల పిల్లోనికి ముందు ఏమొస్తాదో తెలిసి ఉండటమే ఆనందం. వాడు మనకంటే ముందు చెప్తాడు. మీ అత్తగారికి ఈ కథ నోటికి వచ్చే ఉంటాది.

టవర్‌క్లాక్_ప్రెస్, అనంతపురం

పిల్లలు పుస్తకాలు చింపే సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు, నేను ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేస్తా కాబట్టి అది నేను చెప్తా. రెండేండ్ల పిల్లలు చింపేది కోపంతో కాదు, పల్చటి కాగితాన్ని తిప్పే నైపుణ్యం వేళ్లకు ఇంకా రాలేదు. వాళ్లకు బోర్డు బుక్ కావాల, అంటే ప్రతి పేజీ అట్ట, మూలలు గుండ్రంగా ఉంటాయి. అందులో పేజీలు తక్కువ. మామూలు బొమ్మల పుస్తకం 16, 24, 32 పేజీల్లో ఎందుకుంటాదంటే పెద్ద షీటు రెండు పక్కలా అచ్చేసి మడిస్తే 16 వస్తాయి, ఎనిమిదైతే సగం షీటు, కాగితం వృథా కాదు.

కొనేటప్పుడు మధ్యలో పిన్నులు కొట్టిందా గమ్ము వేసిందా చూడండి. పిన్నులది పూర్తిగా తెరుచుకుంటాది, బొమ్మ రెండు పేజీల మీద ఉంటే మధ్యలో మింగదు. కానీ పిన్ను లేసిపోతే వెంటనే తీసేయాల, నోట్లో పెట్టుకునే వయసు.

స్టోరీవీవర్‌ది ప్రింటు తీయాలంటే మామూలు జిరాక్సు కాగితం వద్దు. 300 జీఎస్ఎం ఆర్ట్ బోర్డు అని మందమైన నున్నటి అట్ట ఉంటాది, దాని మీద కలరు తీయించి లామినేషన్ చేయించి మూలలు కత్తెరతో గుండ్రంగా కొట్టించండి. ఒక పక్క రంధ్రాలేసి రిబ్బను కట్టండి, స్పైరల్ తీగ కంటే అదే మంచిది. నేను మా చెల్లెలి కూతురికి నాలుగు చేసిచ్చినా, రెండేండ్లయింది, ఇంకా ఉన్నాయి.

పైన గొంగళిపురుగు పుస్తకం చెప్పినాయనకు, ఆ బొక్కలు, ఆ చిన్నా పెద్దా పేజీలు అప్పట్లో అమెరికాలో తక్కువ ఖర్చుతో అచ్చేసేవాళ్లు దొరక్క మొదట జపాన్‌లో అచ్చేయించినారు. మా పనిలో ఉండేవాళ్లకు అది చూస్తే ఎంత గౌరవమో.

మల్లెపందిరి, నంద్యాల

నేను ఆన్‌లైన్లో ఒక సెట్టు తెప్పించి మోసపోయినా, పది పుస్తకాలు తక్కువ ధరకు అని. బొమ్మలు మసక, ఒత్తులన్నీ విడిపోయి పక్కకు పడినాయి, ఇంగ్లీషును మిషను తిప్పినట్టు తెలుగు, కోడిపుంజు గుడ్డు పెట్టినట్టు రాసినారు. పిల్లలకు ఏదైనా చాలులే అనుకుని చేసే పని ఇది, నాకు చాలా కోపం వచ్చింది. లోపలి పేజీ ఒక్కటైనా చూడకుండా కొనొద్దండి.

నర్సమ్మ, కడప

చిన్న సలహా. నెలల పిల్లలున్నవాళ్లు కూడా చదువుతుంటే, పుట్టిన పిల్లలకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరమే బాగా కనపడుతుంది, అంటే పాలిచ్చే తల్లి మొహం దూరం. వాళ్లకు నలుపు తెలుపు పెద్ద పెద్ద ఆకారాలు చాలు, తెల్ల అట్ట మీద స్కెచ్ పెన్నుతో మీరే గీయొచ్చు. ఫోను గురించి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది ఏందంటే ఏడాది లోపు అసలు వద్దు, రెండు నుంచి నాలుగేండ్ల పిల్లలకు రోజుకు గంట మించొద్దు, ఇంకా తక్కువైతే మంచిది. అక్కా మీ బాబుకు ఒక్కసారిగా తీసేయకుండా ముందు నిద్రపోయే ముందు ఫోను మాన్పించండి, ఆ టైములో పుస్తకం. అన్నం దగ్గరది తర్వాత.

తుంగభద్ర_లైబ్రరీ, కర్నూలు

అత్తగారి ప్రశ్నకు ఎవరూ పూర్తిగా జవాబు చెప్పలేదు, నేనూ మర్చిపోయినా. మాటలే లేని పుస్తకాలు ఉంటాయమ్మా, బొమ్మలు తప్ప ఒక్క అక్షరం ఉండదు. చదవడం వచ్చినవాళ్లకే అవి కష్టం, మన కన్ను అక్షరం కోసం వెతుకుతుంది. స్టోరీవీవర్‌లో మాటల్లేనివి వెతికితే వస్తాయి.

మాటలు తక్కువ ఉన్నవి కూడా పనికొస్తాయి. పాట్ హచిన్స్ అని ఒకామె 1968లో వేసిన కోడిపెట్ట పుస్తకం ఉంది, మొత్తం 32 ఇంగ్లీషు మాటలే. కోడి దొడ్లోంచి బయలుదేరి తిరిగి ఇంటికి వస్తుంది, మాటల్లో అంతే. కానీ బొమ్మల్లో వెనక నక్క ఉంటుంది, దూకుతుంది, ఏదో ఒకదాంట్లో పడుతుంది. నక్క అనే మాట పుస్తకం మొత్తంలో లేదు. పిల్లలే అదిగో నక్క అని అరుస్తారు. చదవని అవ్వ ముందు పెట్టినా అంతే బాగా నడుస్తుంది.

ఆకుపచ్చ_సంచి, అనంతపురం

పుస్తకం కాదు గానీ చెప్తా. నిమ్మలకుంట తోలుబొమ్మలు చూపించండి పిల్లలకు. మేకతోలు మీద రంగులేసి వెనక దీపం పెడితే పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. మేము లేపాక్షికి పోయినప్పుడు మా పాపను ఎత్తుకుని పైకప్పు బొమ్మల కింద నిలబడినాం, అక్కడ పంది వేట బొమ్మ ఉంటాది, అది చూసి ఇంటికొచ్చి అదే కథ నాకు మూడు రోజులు చెప్పింది. తర్వాత వీరాపురం ఎర్రకాళ్ల కొంగలను ఫోటోలు తీసి అట్టకు అంటించి పుస్తకం చేసినాం. గుడ్డు, పిల్ల, ఎగిరిపోయింది, మళ్లీ వచ్చింది. నాలుగే పేజీలు. రోజూ అదే కావాలంటాది.

ఏడురోడ్ల_అమ్మ, కడప

అందరికీ మూడు వారాల తర్వాత వచ్చి చెప్తాండా, ఆలస్యానికి ఏమనుకోకండి. మీరు చెప్పినట్టు మాటల్లేనివి రెండు అట్ట మీద ప్రింటు తీయించి రిబ్బను కట్టినా, మూలలు కూడా గుండ్రంగా కొట్టించినా అన్నా. తూలికది రెండు భాషలదొకటి పాప కోసం తెప్పించినా.

మొదటి రోజు మా అత్త పుస్తకం ముట్టుకోలేదు. నాకు సదువు రాదు కదమ్మా నేనేం చూపిస్తా అనింది. అత్తా ఇందులో చదివేది ఏమీ లేదు చూడు అని పేజీలు తిప్పి చూపించినా. ఆమె కండ్లద్దాలు తెచ్చుకుని అన్ని పేజీలూ నిదానంగా చూసింది, ఒక బొమ్మలో బావిగట్టు మీద చెంబు ఉంది, నేను రెండుసార్లు చూసినా ఆ చెంబు నాకు కనపడలేదు. ఈ చెంబు ఎవరిదో నీకు తెల్సునా అని పిల్లోడిని అడిగింది. అంతే, ఆ చెంబు పోగొట్టుకున్న అవ్వ కథ మొదలుపెట్టింది, బొమ్మల్లో ఉండేదంతా దాని చుట్టూ తిప్పింది. రోజుకు ఒక రకంగా చెప్తాంది. నిన్న చెంబు కాకి ఎత్తకపోయింది, ఈ పొద్దు ఎనుము తొక్కింది.

పాప బడి నుంచి వచ్చి నిన్న ఇట్ల చెప్పలేదు జేజీ అని కొట్లాడతాంది. ఏడు చేపలు కూడా ఆమెకు వచ్చు, నేను ఇన్నేండ్లు అడగలేదు.

నిద్రకు ముందు ఫోను పోయింది. అన్నం దగ్గర ఇంకా ఉంది, దానికి టైము పడుతుంది.

ఇప్పుడు అడిగేది నా కోసం కాదు, మా అత్త కోసం. రెండు పుస్తకాలు అయిపోయినాయి, ఇంకా తెప్పియ్యి అంటాంది. మాటల్లేనివే కావాలంట, ఎద్దులు, వాన, సంత ఉండేవి అయితే ఇంకా మంచిదంట. మీకు తెలిసినవి ఉంటే చెప్పండి, ఆదివారం ప్రింటు తీయించను పోతాండా.